గుండు లేని మోత

2022 ఫిబ్రవరి 21న విశాఖపట్నం నేవల్ డాక్‌యార్డులో ఫిరంగులు మోగాయి. సరిగ్గా 21 మోతలు. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఐఎన్ఎస్ సుమిత్ర ఎక్కి, లంగరేసి నిలిచిన నౌకల వరసల మధ్యకు బయల్దేరేముందు నౌకాదళం ఆయనకు చేసిన వందనమది. ఆనాటి నౌకాదళ సమీక్షలో 60కి పైగా నౌకలు, జలాంతర్గాములు, 50కి మించి విమానాలు పాల్గొన్నాయి. అంతకుముందు 2016లో ప్రణబ్ ముఖర్జీ, 2006లో అబ్దుల్ కలాం ఇదే తీరంలో నౌకాదళాన్ని సమీక్షించారు. తూర్పు తీరంలో అలాంటి సమీక్ష జరగడం 2006లోనే మొదలు.

అలా మోగే ఫిరంగుల్లో ఒక్కదాంట్లోనూ గుండు ఉండదు. ఉండేది మందు మాత్రమే.

తెరచాపల కాలంలో ఫిరంగిలో మందు కూరి, గుండు దించి, మళ్లీ పేల్చడానికి చాలాసేపు పట్టేది. అందుకే పరాయి రేవుకు వచ్చిన ఓడ తన ఫిరంగులను సముద్రం మీదికి పేల్చేసేది. ఖాళీ చేసుకున్నాం, మీకు మావల్ల హాని లేదు అని చెప్పడమన్నమాట. ఉప్పుగాలికి ఓడలో మందు చెమ్మగిల్లేది, గట్టు మీద పొడిగా, దండిగా దాచుకోవచ్చు. కాబట్టి ఓడ ఏడుసార్లు పేలిస్తే, కోట ఒక్కోదానికి మూడు చొప్పున బదులిచ్చేది. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. నావికుల్లో తరతరాలుగా వినిపించే లెక్క ఇది.

బ్రిటిష్ వాళ్ల చేతిలో ఈ లెక్క హోదాల కొలబద్ద అయింది. వైస్రాయికి 31, హైదరాబాద్ నిజాముకు 21, బనగానపల్లె నవాబుకు 9. అతిథికి ఇచ్చే మాటగా మొదలైన మర్యాద, ఎవరు ఎవరికంటే తక్కువో ఊరంతా వినేలా చాటే పద్ధతిగా మారిపోయింది. స్వతంత్ర భారతంలోనూ తొలి రోజుల్లో రాష్ట్రపతికి 31 మోతలే ఉండేవి. 1971లో ఆ సంఖ్యను 21కి తగ్గించారు.

విశాఖ తీరానికి గుండు ఉన్న మోత కూడా తెలుసు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి రియర్ అడ్మిరల్ లినోయిస్ మూడు యుద్ధనౌకలతో ఇక్కడికి వచ్చిపడ్డాడు. వాటిలో మరెంగో 74 ఫిరంగుల ఓడ. ఎదురుగా బ్రిటిష్ వాళ్లకున్నది 50 ఫిరంగుల సెంచూరియన్, దాని రక్షణలో ఉన్న రెండు వాణిజ్య నౌకలు. గట్టు మీది చిన్న ఫిరంగుల బ్యాటరీ కూడా పోరులో కలిసింది. వాణిజ్య నౌకల్లో ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచి వాళ్లకు చిక్కింది, బార్నబీ ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది. సెంచూరియన్ ఒళ్లంతా తూట్లు పడినా లొంగలేదు. లినోయిస్ వెనుదిరిగాడు. యూరప్ రాజ్యాల పోరు ఇలా మన రేవులో, ఊరి జనం కళ్లముందు సాగింది. విశాఖలో ఫిరంగి చరిత్ర చెప్పాలంటే మొదలుపెట్టాల్సిన చోటు ఇదే.

గుండు లేనంతమాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. పాతకాలం ఫిరంగిని మూతివైపు నుంచి నింపుతారు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందును సంచిలో కట్టి, పొడవాటి కర్రతో అడుగుదాకా దట్టిస్తారు. పేలాక లోపల సంచి పీలికో నిప్పురవ్వో మిగిలితే, తరవాత దించే మందు కూరుతున్నవాడి చేతుల్లోనే అంటుకుంటుంది. అందుకే ప్రతి మోతకూ మధ్య తడిగుడ్డ చుట్టిన కర్రతో గొట్టాన్ని తుడుస్తారు. కూరేవాడు మూతికి ఎదురుగా నిలబడడు. నిప్పు పెట్టినా పేలకపోతే వెంటనే దగ్గరికి పోరు, ఆగుతారు. ఎదురు తిరగడానికి శత్రువు లేకపోయినా ఈ క్రమంలో ఒక్క మెట్టు తప్పినా చేతులు పోతాయి.

ఈ పనిని నేటికీ కళ్లారా చూడాలంటే మైసూరు వెళ్లాలి. దసరా నాడు బంగారు అంబారీలోని చాముండేశ్వరికి పూలు చల్లే వేళ, జాతీయగీతం సాగుతుండగా ఏడు ఫిరంగులు మూడేసి సార్లు మోగుతాయి. నడిపేది పోలీసులే. ముందు ఫిరంగులకు పూజ చేస్తారు, తరవాత రోజుల తరబడి కసరత్తు. ఆ కసరత్తు మనుషులకే కాదు. ఊరేగింపులో నడిచే ఏనుగులను, గుర్రాలను దగ్గర నిలబెట్టి ఆ శబ్దానికి అలవాటు చేస్తారు. ఈ వేడుక మొత్తంలో నాకు ముచ్చటగొలిపేది మూగజీవాల మీద ఉన్న ఆ శ్రద్ధే.

ఢిల్లీలోనూ జాతీయగీతమే గడియారం. గీతం నిడివి 52 సెకన్లు. అందులో 21 మోతలు ఇమడాలంటే మోతకూ మోతకూ మధ్య రెండున్నర సెకన్లకు మించి పెద్దగా దొరకదు. అక్కడ దశాబ్దాలపాటు ఈ పని చేసినవి రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ 25 పౌండర్ ఫిరంగులు. 2022 ఆగస్టు 15న ఎర్రకోట దగ్గర వాటితోపాటు డీఆర్‌డీవో రూపొందించిన ఏటాగ్స్ ఫిరంగి తొలిసారి వందనం చేసింది. 2023 గణతంత్ర దినోత్సవానికి 25 పౌండర్ల స్థానంలోకి స్వదేశీ 105 మి.మీ. ఫిరంగులు వచ్చాయి.

మరి మన పాత ఫిరంగులు? గోల్కొండ కోటలో ఫతే రహబర్ లాంటివి చూడటానికే ఉన్నాయి. వాటిని పేల్చకపోవడమే మంచిది. శతాబ్దాల నాటి పోత లోహంలో పైకి కనపడని బీటలుండవచ్చు. సముద్రం పక్క ఉన్న ఇనప ఫిరంగులను ఉప్పు లోలోపల తినేయవచ్చు, ఆకారం మాత్రం చెక్కుచెదరకుండా ఉండొచ్చు. నల్లమందు బదులు నేటి పొగరాని మందు పోస్తే ఒత్తిడి మరీ ఎక్కువై గొట్టమే బద్దలు కావచ్చు. అందుకే విదేశాల్లో పాత యుద్ధాలను ప్రదర్శించే బృందాలు చాలావరకు కొత్తగా చేయించి, పరీక్షించిన నమూనాలనే వాడతాయి.

మన దగ్గర ఫిరంగి యుద్ధాన్ని బతికించింది మందు కాదు, గొంతు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద నిప్పులు కురిపించిన వైనాన్ని బుర్రకథ దళాలు ఊరూరా చెప్పాయి. కథకుడి అడుగుకూ వంతల డక్కీల దెబ్బకూ జనం ఆ కోట కూలడం చూశారు. బొబ్బిలి విశాఖకు ఎంతో దూరం కాదు. కానీ ఆ కథ తెలిసినంతగా 1804 కథ మనవాళ్లకు చేరలేదు, దాన్ని కట్టి పాడినవాళ్లు లేరు కాబట్టి.

ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలు చూడటానికి జనం పోటెత్తే ఊరు విశాఖ. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు. సెంచూరియన్ నాటి ఫిరంగికి ఒక నమూనా చేయించి, సెప్టెంబరు 15న సముద్రం వైపు వట్టి మందుతో పేలిస్తే, పక్కనే ఒక బుర్రకథ దళం ఆనాటి కథ చెబితే వినేవాళ్లకు కొదవ ఉండదు. మూడు కిలోమీటర్ల అవతల బీచ్‌లో నిలబడ్డ పిల్లలకు ముందు పొగ కనిపిస్తుంది, మోత చెవినపడేసరికి దాదాపు తొమ్మిది సెకన్లు పడుతుంది. శబ్దవేగం పాఠం కూడా అక్కడే అయిపోతుంది. దీనికి పేలుడు పదార్థాల లైసెన్సు, తర్ఫీదు పొందిన గన్నర్లు, జనాన్ని దూరంగా ఆపే తాళ్లు, దగ్గరి ఆసుపత్రులకు ముందే కబురు కావాలి. సెప్టెంబరు వానల రోజులు కాబట్టి మందు నిలవకు పొడి గది కూడా చూసుకోవాలి.