గొప్పవారెవరు?

"ఫలానా వారు చాలా గొప్పవారండీ" అని మనము రోజుకు ఎన్నిమార్లు అంటామో లెక్కలేదు. ఎందుచేత గొప్పవారని ఎవరైనా అడిగితే, మేడ ఉన్నదనో, పలుకుబడి ఉన్నదనో, కొడుకు విదేశములో ఉన్నాడనో చెబుతాము. మాబోటి గుమాస్తాలకు ఈ కొలత ఇంకా సులువు. ఎవరి బల్లమీద గంట ఉన్నదో ఆయన పెద్ద. ఆ గంట విని లేచి పరుగెత్తేవాడు చిన్న. ఇరవై ఏండ్లకు పైగా మేము ఈ కొలతతోనే మనుష్యులను కొలుస్తూ వచ్చినాము.

ఆ కొలత తప్పని చెప్పే ఘట్టము మార్కు సువార్త పదవ అధ్యాయములో ఉన్నది. జెబెదయి కొడుకులు యాకోబు, యోహాను అనే శిష్యులు క్రీస్తు దగ్గరకు వచ్చి, ఆయన మహిమలో తమకు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి ఆసనములు కావలెనని అడిగినారు. తక్కిన పదిమందికి కోపము వచ్చినది. అడిగినది తప్పని కాదు, తమకంటె ముందుగా అడిగినారని కోపము వచ్చి ఉంటుందని మాకు తోస్తుంది. కచేరీలో ప్రమోషను జాబితా వచ్చిన రోజున మేము చూసే ముఖములు అవే కదా! క్రీస్తు వారినందరిని దగ్గరకు పిలిచి, అధికారులు జనముమీద పెత్తనము చేయడము లోకరీతి అనీ, తనవారిలో పెద్ద కాగోరినవాడు అందరికీ ఊడిగము చేయవలెననీ, తాను వచ్చినదికూడా అందుకేననీ బోధించినాడు. గొప్పవారు కావద్దని ఆయన అనలేదు. గొప్పతనానికి దారి ఎటున్నదో చూపినాడు. తన మరణానికి ముందు రాత్రి నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల కాళ్ళు కడిగి, ఆ దారిని నడిచి చూపినాడు.

వినడానికి ఇంపుగా ఉన్న ఈ మాట ఒక మనిషి బ్రతుకులో ఎట్లుంటుందో చూడవలెనంటే దూరము పోనక్కరలేదు. మనవారు రాయవేలూరు అని పిలిచే వేలూరుకు పోతే చాలును. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిని ఎరుగని తెలుగు కుటుంబము ఈ ప్రాంతములో అరుదు. దానిని స్థాపించిన ఐడా స్కడ్డరు 1870 డిసెంబరు 9న పుట్టినది. ఆమె తాత జాన్ స్కడ్డరు అమెరికా నుండి మనదేశానికి వచ్చిన తొలి వైద్య మిషనరీ. తండ్రికూడా ఇక్కడనే డాక్టరు. ఆమెకు మాత్రము ఈ ఎండలు, ఈ కరువులు, ఈ రోగములు ఏమాత్రమూ ఇష్టము లేవు. అమెరికాలో చదువుకొని అక్కడనే హాయిగా స్థిరపడవలెనని ఆమె కోరిక. 1890లో తల్లికి జబ్బుగా ఉన్నదని తిండివనము వచ్చినదిగాని, ఉండిపోవడానికి కాదు.

అక్కడ ఒక రాత్రి తలుపు చప్పుడైనది. ఒక బ్రాహ్మణ యువకుడు భార్య ప్రసవవేదనతో ఉన్నదని, వచ్చి కాపాడమని వేడుకొన్నాడు. "నాకు వైద్యము రాదు. మా నాన్నగారు డాక్టరు, ఆయన వస్తారు" అన్నది ఐడా. పరపురుషుడు మా ఆడవారిని ముట్టరాదని అతడు వెళ్ళిపోయినాడు. కొంతసేపటికి ఒక ముస్లిము వచ్చినాడు. అదే బాధ, అదే జవాబు. ఆ తరువాత మరొక హిందూ గృహస్థు వచ్చి, అట్లే వెనుదిరిగినాడు. తెల్లవారిన తరువాత తెలిసినది, ముగ్గురు తల్లులూ చనిపోయినారని. మతములు వేరైనా మూడు ఇండ్లలోను ఏడుపు ఒకటే.

ఆ రాత్రి ఐడా చేసిన తప్పేమీ లేదు. తెలియని విద్య తెలియదన్నది. అయినా, నేను ఏమి చేయగలను అని అక్కడితో సరిపెట్టుకొనలేదు. అమెరికాకు పోయి వైద్యము చదివి, 1899లో కార్నెల్ వైద్యకళాశాలలో పట్టము పుచ్చుకొని, మరుసటి ఏడు వేలూరుకు వచ్చినది. వచ్చిన కొద్ది నెలలకే తండ్రి మరణించినాడు. ఒకే పడకతో ఇంట్లోనే వైద్యము మొదలుపెట్టినది. అమెరికాలో ఒక బ్యాంకు పెద్ద తన భార్య జ్ఞాపకార్థము ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో నలభై పడకల ఆసుపత్రి లేచినది. రాలేనివారి కోసము గుడియాత్తము దారిలో చెట్ల నీడను ఆగి మందులిచ్చేది. 1911 వరకు చిత్తూరుకూడా ఇదే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. కనుక ఆ తొలినాళ్ళ రోగులలో మన తెలుగు తల్లులు ఎందరో ఉండి ఉంటారు.

తానొక్కతె ఎన్ని తలుపులకు బదులు చెప్పగలదు? అందుకే 1909లో నర్సుల బడి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టినది. ఆడపిల్లలు పరీక్షలో నెగ్గుతారని ఆశపెట్టుకోవద్దని పెద్దలు హెచ్చరించినారట. మొదటి పరీక్షకు కూర్చున్న పదునలుగురూ నెగ్గినారు. తరువాత ప్రభుత్వపు నిబంధనలు మారి పాఠశాలకే ముప్పు వచ్చినపుడు, డెబ్బది ఏండ్ల వయస్సులో అమెరికాలో ఊరూరా తిరిగి చందాలు అడిగినది. స్త్రీలకోసమే కట్టిన కళాశాలలో 1947లో మగపిల్లలకుకూడా చోటిచ్చినారు. ఆమె స్నేహితులలో కొందరికి ఇది నచ్చలేదు. ఆమె మాత్రము ఒప్పుకొన్నది. తన చేతిమీద పెరిగినదానిని "నాది" అని పట్టుకొనకుండుట తలుపు తీయుటకంటె కష్టమని మా అభిప్రాయము. 1960 మే నెలలో కొడైకెనాలులో ఆమె కన్నుమూసినది. ఆ కళాశాల తన ధ్యేయవాక్యముగా ఎంచుకొన్నది, మేము పైన చెప్పిన ఘట్టములో క్రీస్తు చివర పలికిన మాటనే.

ఈ కథ చదివినపుడు మాకు మా కిటికీ జ్ఞాపకము వచ్చినది. కొన్నేండ్ల క్రిందట ఒక సాయంత్రము, కచేరీ మూసేవేళకు, ఒక ముసలమ్మ పింఛను దరఖాస్తు పట్టుకొని కిటికీ దగ్గరకు వచ్చినది. మొదట తమిళములో అడిగి, పక్క గుమాస్తాతో మేము తెలుగు మాట్లాడడము విని, "తెలుగువాడివా నాయనా!" అని సంతోషించినది. "టైము అయిపోయింది, రేపు రా అమ్మా" అని మేము కిటికీ వేసినాము. రేపు రాలేదు. పదిరోజులకు వచ్చినది. బస్సు చార్జీకి డబ్బు దొరకలేదట. దరఖాస్తు నింపడానికి పట్టినది పదినిమిషములు. "ఆ రోజే చేసి ఉంటే బాగుండేది, తప్పు మాదే" అన్నాము. "నీకు మాత్రము పని తక్కువా నాయనా" అన్నది. తిట్టి ఉంటే ఇంతకాలము గుర్తుండేది కాదేమో.

ఐడాకు ఆ రాత్రి చేయడానికి విద్య లేదు. మాకు ఆ సాయంత్రము విద్య ఉన్నది, కలము ఉన్నది, పదినిమిషములుకూడా ఉన్నవి. మనసు ఒక్కటే లేదు. కిటికీకి ఇవతల కూర్చున్నందుకు మేము పెద్దవారమని అనుకొన్నాము. ఆ సాయంత్రము నిజానికి పెద్దమనసు ఉన్నది అవతల నిలిచిన ఆమెకే.

చదువరులలో అన్ని మతములవారూ ఉన్నారు. మేము చెప్పేది మతము మార్చుకొమ్మని కాదు. ఆసుపత్రి కట్టడము అందరివల్ల అయ్యే పని కాదు. కాని తలుపు తట్టే చప్పుడు ప్రతి ఇంటికీ వస్తుంది. ఉత్తరము చదివి పెట్టమనే పొరుగువాడు కావచ్చు, లెక్క చెప్పమని వచ్చే పనిమనిషి బిడ్డ కావచ్చు, మాట్లాడే దిక్కులేక వరండాలో కూర్చున్న మన ఇంటి పెద్దవారే కావచ్చు. ఎవరి కోసము మనము లేచి తలుపు తీస్తామో, దానినిబట్టే దేవుడు మనలను కొలుస్తాడని క్రైస్తవుల నమ్మకము.

ఇప్పుడు మేము కిటికీ వేసే ముందు ఒకసారి తల బయటకు పెట్టి చూస్తున్నాము, ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని. కొన్ని దినములలో బస్సు తప్పిపోతుంది. ఇంట్లో వారు విసుగుకొంటారు. అయినా చూస్తున్నాము.