ఎక్కడ కోత పెడితే విమానం ఆగిపోతుంది?

2025 డిసెంబరు మొదటివారంలో శంషాబాద్‌ మొదలుకొని ఢిల్లీ దాకా విమానాశ్రయాల్లో సూట్‌కేసులు గుట్టలుగా పేరుకుపోయాయి. పెళ్లిళ్లకు బయలుదేరినవాళ్లు, ఇంటర్వ్యూలకు వెళ్లాల్సిన పిల్లలు, చంటిబిడ్డల తల్లులు గంటల తరబడి కౌంటర్ల ముందు నిలబడ్డారు. డిసెంబరు 5న ఒక్కరోజే ఇండిగో వెయ్యికి పైగా సర్వీసులను రద్దు చేసింది. తుపాను రాలేదు, యుద్ధం లేదు. విమానాలున్నాయి, వాటిని నడిపేవాళ్లే చాలలేదు.

అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే చవక విమానయానంలో డబ్బు ఎక్కడ మిగులుతుందో చూడాలి. భోజనం పెట్టరు కాబట్టే టికెట్‌ చవక అని చాలామంది అనుకుంటారు. తిండి మీద మిగిలేది కొంచెమే. అసలు ఆదా విమానం నేలమీద నిలబడే సమయాన్ని తగ్గించడంలో ఉంది. ఎగిరినా ఎగరకపోయినా లీజు అద్దె కట్టాల్సిందే. అందుకే దిగిన విమానం ఎంత త్వరగా మళ్లీ బయలుదేరితే అంత లాభం.

ఈ సూత్రం అవసరంలోంచి పుట్టింది. 1972లో అమెరికాలోని టెక్సస్‌లో సౌత్‌వెస్ట్‌ అనే చిన్న సంస్థ దగ్గర డబ్బులు అడుగంటాయి. ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేసింది. నాలుగింటికి వేసుకున్న టైంటేబుల్‌ను మాత్రం వదల్లేదు. వచ్చిన విమానాన్ని పది నిమిషాల్లో మళ్లీ పంపేయడం సిబ్బంది నేర్చుకున్నారు. బోయింగ్‌ 737 రకాన్నే నమ్ముకోవడంతో ఏ పైలట్‌ను ఏ విమానానికైనా పంపడానికి వీలైంది, విడిభాగాల ఖర్చూ తగ్గింది. ఐర్లండ్‌కు చెందిన రయన్‌ఎయిర్‌ కూడా సౌత్‌వెస్ట్‌ దగ్గరే పాఠాలు నేర్చుకుంది. అయితే సౌత్‌వెస్ట్‌ వ్యవస్థాపకుల్లో ఒకరైన హెర్బ్‌ కెలహర్‌ ఇంకో మాట కూడా చెప్పేవారు: ముందు ఉద్యోగులు, తర్వాత ప్రయాణికులు, ఆ తర్వాతే వాటాదారులు. పది నిమిషాల కిటుకును ప్రపంచమంతా అందిపుచ్చుకుంది. ఈ వరసను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

మన దేశంలో చవక విమానయానానికి తలుపు తెరిచినవారు కెప్టెన్‌ గోపీనాథ్‌. సైన్యంలో పనిచేసి, వ్యవసాయం చేసి, 2003లో ఎయిర్‌ డెక్కన్‌ మొదలుపెట్టారు. ఆర్కే లక్ష్మణ్‌ గీసిన సామాన్యుడే దానికి గుర్తు. ఆ ఏడాది సెప్టెంబరులో బేగంపేట నుంచి విజయవాడకు తొలి విమానం బయలుదేరబోతుండగా ఇంజిన్‌లో మంటలొచ్చాయి. వెంకయ్యనాయుడు వంటి ప్రముఖులు అందులో ఉన్నారు. ఎవరికీ ప్రమాదం జరగలేదు. మొదట్లోనే అంత దెబ్బ తగిలినా గోపీనాథ్‌ వెనక్కి తగ్గలేదు. రూపాయి టికెట్లు పెట్టి, అంతవరకూ విమానం మొహం చూడని కుటుంబాలను ఎక్కించారు. ‘ఆకాశం నీ హద్దురా’ సినిమాకు ప్రేరణ ఆయన జీవితమే. సినిమా ఆ కలను బాగా చూపించింది. కానీ కల నిజమైన తర్వాతే అసలు కష్టం మొదలైంది. ఆలస్యాలు పెరిగాయి, ఫిర్యాదులు పెరిగాయి, నష్టాలూ పెరిగాయి. 2007లో విజయ్‌ మాల్యా చేతికి వెళ్లిన ఆ సంస్థ కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. 2012లో కింగ్‌ఫిషర్‌ కూడా ఎగరడం మానేసింది.

ఇండిగో 2006 ఆగస్టులో వచ్చింది. అంతకు ముందటేడే, ఒక్క విమానం కూడా ఎగరకముందే, వంద ఎయిర్‌బస్‌లకు ఆర్డరిచ్చింది. వేళకు బయలుదేరడం, శుభ్రంగా ఉండడం, మర్యాదగా మాట్లాడడం, ఈ మూడూ ఉంటే జనం సాండ్‌విచ్‌ కొనుక్కుని తింటారని లెక్క వేసింది. ఆ లెక్క తప్పలేదు. దేశంలో విమానం ఎక్కే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఇవాళ దాన్నే ఎక్కుతున్నారు. ఇది మామూలు విజయం కాదు. తెలుగు జిల్లాల నుంచి తొలిసారి విమానం ఎక్కిన ఎంతోమందికి ఆ అవకాశం ఇలాంటి సంస్థల వల్లే వచ్చింది.

ఇంత క్రమశిక్షణ ఉన్న సంస్థ దొరికిపోయింది రోస్టర్‌ దగ్గర, అంటే ఎవరు ఎప్పుడు డ్యూటీ చేయాలన్న పట్టిక దగ్గర. పైలట్ల అలసటను తగ్గించాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనలు తెచ్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. ఆరు దాకా చేయగలిగిన రాత్రి ల్యాండింగ్‌లు రెండుకు తగ్గాయి. ఇవి రాత్రికి రాత్రి ఊడిపడ్డవి కావు. 2024 జనవరిలోనే ప్రకటించారు, వాయిదా వేశారు, రెండో విడతను 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అంటే సిద్ధం కావడానికి దాదాపు రెండేళ్లు దొరికాయి. అయినా ఇండిగోవారు అదనపు పైలట్లను పెట్టుకోకుండా, వందమందిని పిలిచి వంద విస్తళ్లే తెచ్చుకున్న పెళ్లివారిలా లెక్కను బిగించి పెట్టుకున్నారు. చివరికి విశ్రాంతి నిబంధనల్లోంచే సంస్థకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. అలిసిన పైలట్‌కు రక్షణగా తెచ్చిన నియమాన్ని, ప్రణాళిక లేని యాజమాన్యం కోసం సడలించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సౌత్‌వెస్ట్‌కూ ఇదే గతి పట్టింది. 2022 డిసెంబరు మంచు తుపానులో మిగతా సంస్థలు త్వరగానే తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్‌ మాత్రం ఏ పైలట్‌ ఏ ఊళ్లో ఉన్నాడో లెక్క తేల్చుకోలేకపోయింది. పాతబడిన సాఫ్ట్‌వేర్‌ చేతులెత్తేసింది. దాదాపు 17 వేల సర్వీసులు రద్దయ్యాయి, 20 లక్షల మంది ఇరుక్కుపోయారు. అమెరికా ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ఇలాంటి రోజుల్లోనే కస్టమర్‌ సర్వీస్‌ ఉందో లేదో తేలుతుంది. కౌంటర్‌లో ఉన్న ఇరవై రెండేళ్ల అమ్మాయికి విమానం ఎప్పుడు వస్తుందో తెలియదు. వేరే సంస్థలో టికెట్‌ ఇప్పించే అధికారం లేదు, హోటల్‌ గది ఇచ్చే అధికారమూ లేదు. వందమంది కోపం మాత్రం ఆమె మీదే. నవ్వుతూ మాట్లాడమని శిక్షణ ఇచ్చేవాళ్లు నిర్ణయం తీసుకునే హక్కు కూడా ఇస్తే సగం గొడవ అక్కడే చల్లారుతుంది. డిసెంబరు సంక్షోభం తర్వాత తీవ్రంగా నష్టపోయినవారికి ఇండిగో పదివేల రూపాయల వోచర్లు ప్రకటించింది. వాటిని వాడుకోవాలంటే మళ్లీ ఆ సంస్థ విమానమే ఎక్కాలి. చాలా మార్గాల్లో వేరే విమానమే లేని ప్రయాణికుడికి అది పరిహారం ఎలా అవుతుంది? నగదు ఇచ్చి ఉండాల్సింది.

భోజనం తీసేయొచ్చు, సీటు ఎంపికకు డబ్బు అడగొచ్చు, బ్యాగుకు రుసుము పెట్టొచ్చు. ముందే చెబితే జనానికి అభ్యంతరం ఉండదు. పైలట్ల విశ్రాంతి, స్టాండ్‌బై సిబ్బంది, కౌంటర్‌లో మనిషికి ఉండే అధికారం, ఈ మూడింటికీ కత్తెర తగలకూడదు. ఏ సంస్థ ఎంత శాతం వేళకు నడిచింది, ఎన్ని సర్వీసులు రద్దు చేసింది, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి అన్న లెక్కలు డీజీసీఏ నెలనెలా ప్రచురిస్తూనే ఉంది. అదే నివేదికలో ఇంకో వరస చేర్చాలి: ప్రకటించిన షెడ్యూల్‌కు ఎంతమంది పైలట్లు కావాలి, నిజంగా ఎంతమంది ఉన్నారు. ఆ రెండు అంకెలకూ పొంతన కుదరని సంస్థకు కొత్త సీజన్‌లో అదనపు సర్వీసులు ఇవ్వకూడదు.