ఫైలు వెంట నడిచే చీటీ

నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి వంటి మండల కేంద్రంలో ఇవాళ కాగితం అంటే ముందు ఫైలే. హాల్‌టికెట్, ఆదాయ ధ్రువపత్రం, భూమి వివరాల నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ మొదట ఫైలుగా దిగి, ఆ తర్వాతే జిరాక్స్ సెంటర్‌లో కాగితాలవుతాయి. దిగిన ఫైలు వెంటనే తెరుచుకోవాలన్నది అందరి అవసరం. కానీ తెరవడం అనే ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి చదవడం, రెండోది నడపడం. పీడీఎఫ్‌లో మార్కులు చూసుకోవడం చదవడం. ఏపీకే ఫైలును నొక్కి ఇన్‌స్టాల్ చేయడం నడపడం, అంటే ఎవరో రాసిన ఆజ్ఞలను మన యంత్రం చేత అమలు చేయించడం. ఈ రెండింటినీ విడదీస్తే సౌకర్యానికీ భద్రతకూ మధ్య ఉందనుకునే వైరం చాలావరకు తీరిపోతుంది. ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోవడం యంత్రం పని. మనిషిని అడగాల్సింది నడిపే చోట మాత్రమే. ఈ సంగతి తెలుసుకోవడానికి కంప్యూటర్ రంగానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. ఆ పాఠం ఒక చిన్న గుర్తు జీవితకథలో ఉంది.

1992లో ఇంటర్నెట్ మీద రకరకాల ఫైళ్లను పంపుకోవడానికి మైమ్ అనే ప్రమాణం వచ్చింది. ప్రతి ఫైలుకూ అది బొమ్మో, శబ్దమో, పత్రమో చెప్పే పేరు జోడించారు. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్ ఆ పేరు చూసి, తాను చూపలేని ఫైలును దానికి తగిన వేరే ప్రోగ్రామ్‌కు అప్పగించేది. సౌకర్యం అక్కడే మొదలైంది, చిక్కూ అక్కడే మొదలైంది. పోస్ట్‌స్క్రిప్ట్ అనే ముద్రణ భాషలో రాసిన పత్రం మన కంప్యూటర్‌లోని ఫైళ్లను చెరిపేయగలదని, జాగ్రత్త అవసరమని మైమ్ పత్రమే ఆనాడు హెచ్చరించింది. ఆ హెచ్చరికను పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 2000 మే 4న 'ఐ లవ్ యూ' పురుగు ఈమెయిళ్లలో ప్రపంచమంతా పాకింది. చివర 'టీఎక్స్‌టీ' అని కనబడే ఆ జాబు నిజానికి వీబీఎస్ రకం ప్రోగ్రామ్. తెలిసిన రకం ఫైళ్ల పేర్లలో చివరి భాగాన్ని విండోస్ దాచిపెట్టేది కనుక జనం దాన్ని ఉత్తరమే అనుకున్నారు. చదువుతున్నామనుకుంటూ నడిపారు. తప్పు నొక్కినవారిది అనడం తేలిక. కానీ తేడా కనబడకుండా దాచింది యంత్రం.

2002 జనవరిలో బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగులకు రాసిన లేఖలో కొత్త హంగులకన్నా భద్రతే ముందని తేల్చిచెప్పారు. దాని ఫలాల్లో ఒకటి 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో వచ్చింది. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకు బ్రౌజర్ ఒక రహస్య చీటీ అంటించడం మొదలుపెట్టింది. దీన్నే మార్క్ ఆఫ్ ది వెబ్ అంటారు. మార్కెట్ యార్డులో పల్లికాయ కుప్ప మీద లాట్ చీటీ ఉంటుంది. అది సరుకులో భాగం కాదు, సరుకు ఎవరిదో చెప్పే గుర్తు. ఈ చీటీ కూడా అంతే. ఫైలులోని ఒక్క అక్షరం మారదు, పక్కన కనబడని గదిలో జోన్ సంఖ్య చేరుతుంది. 0 అంటే సొంత కంప్యూటర్, 1 అంటే ఆఫీసు నెట్‌వర్క్, 2 అంటే నమ్మిన సైట్లు, 3 అంటే ఇంటర్నెట్, 4 అంటే నిషిద్ధ సైట్లు. ఆ గది కూడా దీని కోసం కట్టింది కాదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో మెకింటాష్ ఫైళ్లకు చోటివ్వడానికి పెట్టిన అర అది. ఆపిల్ కూడా 2007లో లెపర్డ్ వ్యవస్థతో దిగిన ఫైళ్లకు క్వారంటైన్ గుర్తు పెట్టసాగింది.

చీటీ ఉంటే చాలదు, దాన్ని చూసి నడుచుకునేవాడు ఉండాలి. మొదట్లో విండోస్ చీటీ చూసి, నడపాలా వద్దా అని అడిగి ఊరుకునేది. అసలు మలుపు 2010 నాటి ఆఫీస్‌లోని ప్రొటెక్టెడ్ వ్యూతో వచ్చింది. ఇంటర్నెట్ చీటీ ఉన్న వర్డ్ పత్రం వెంటనే తెరుచుకుంటుంది, చదువుకోవచ్చు. అయితే మార్చాలంటే వేరుగా అనుమతి ఇవ్వాలి. చదవడం సులువు, నడపడం కష్టం అన్న సూత్రం కోట్లమంది ముందు అమలైంది. 2022 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మరో అడుగు వేసింది. చీటీ ఉన్న పత్రాల్లోని మాక్రోలను, అంటే పత్రంలో దాగిన ప్రోగ్రాములను, నేరుగా ఆపేస్తామంది. పనులు ఆగుతున్నాయన్న ఫిర్యాదులతో జూలైలో వెనక్కి తగ్గి, అదే నెల చివర మళ్లీ అమలు చేసింది. ఈ మార్పుల కాలంలో ఏం జరిగిందో ప్రూఫ్‌పాయింట్ సంస్థ లెక్క చెబుతుంది. 2021 అక్టోబరు నుంచి 2022 జూన్ వరకు దాడుల్లో మాక్రో జోడింపుల వాడకం సుమారు 66 శాతం పడిపోయింది. చదువుకునేవారికి పోయింది దాదాపు ఏమీ లేదు.

అదే లెక్క ఇంకో నిజం కూడా చెప్పింది. దొంగలు మానుకోలేదు, చీటీ రాలిపోయే దారులు వెతికారు. ఐఎస్‌ఓ వంటి పెట్టె ఫైళ్లలో సరుకు దాస్తే పెట్టెకు చీటీ ఉన్నా లోపలి ఫైలుకు ఉండేది కాదు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2022 నవంబరులో సరిదిద్దింది. ఎందరో వాడే 7-జిప్ 2022 జూన్ దాకా విప్పిన ఫైళ్లకు చీటీని అందించలేదు, ఆ తర్వాత కూడా ఆ సదుపాయం మనంతట మనం ఆన్ చేస్తేనే పనిచేసేది. తెలకపల్లి వంటి ఊళ్లకు ఇంతకన్నా దగ్గరిది పెన్‌డ్రైవ్. సాధారణ పెన్‌డ్రైవ్‌లు ఎఫ్‌ఏటీ పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతిలో చీటీకి గది లేదు. నెట్ సెంటర్‌లో దిగిన ఫైలు పెన్‌డ్రైవ్ ఎక్కగానే దాని పుట్టుక చెరిగిపోతుంది. మరో కంప్యూటర్‌లో అది సొంత ఇంటి ఫైలులా తెరుచుకుంటుంది. ఒకే కంప్యూటర్ మీద ఊరంతా పని చేయించుకునే చోటే రక్షణ ఇలా పలచబడటం బాధాకరం.

హెచ్చరికలను ఎవరూ చదవరు, ఏం పెట్టినా జనం సరే నొక్కేస్తారు అన్నది తరచుగా వినే వాదన. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అనే పరిశోధకులు బ్రౌజర్లలో చూపిన రెండున్నర కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించారు. క్రోమ్‌లో సర్టిఫికెట్ తప్పుల హెచ్చరికను 70 శాతం సార్లు జనం దాటేశారు. అదే క్రోమ్‌లో హానికర సైటు అన్న హెచ్చరికను దాటింది నాలుగింట ఒక వంతు కన్నా తక్కువే. మనుషులు వారే, తేడా హెచ్చరికది. చీటికిమాటికి అడిగితే జనం వినడం మానేస్తారు, అరుదుగా స్పష్టంగా చెబితే ఆగుతారు. అందుకే 2022 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 98 ప్రతి డౌన్‌లోడ్‌కూ ఏం చేయాలి అని అడగడం మానేసి నేరుగా దించుకోవడాన్ని తప్పు పట్టలేం. దించుకోవడంలో ప్రమాదం తక్కువ. జనం ఓపికను నడిపే క్షణానికి దాచుకోవాలి.

ఇంకో అభ్యంతరం బలమైనది. ఏ ప్రోగ్రామ్ నమ్మదగిందో నిర్ణయించే అధికారం కొన్ని పెద్ద కంపెనీల చేతికి పోతుంది కదా? నిజమే. కొత్తగా వచ్చిన, ఎక్కువమంది వాడని ప్రోగ్రామ్‌ను విండోస్ స్మార్ట్‌స్క్రీన్ అనుమానంగా చూస్తుంది. డిజిటల్ సంతకపు సర్టిఫికెట్‌కు డబ్బు పెట్టలేక, మంచి మనసుతో తెలుగు ఉపకరణం తయారు చేసినవారు దొంగలతో పాటు నిలబడాల్సి వస్తుంది. దీనికి జవాబు తలుపులన్నీ తీసేయడం కాదు. చీటీ ఫైలు పుట్టుక మాత్రమే చెబుతుంది, తీర్పు చెప్పదు. తెలిసి నడపాలనుకునేవారికి దారి తెరిచే ఉండాలి, కానీ అది అనుకోకుండా అడుగుపడే దారి కాకూడదు.

ఫోన్‌లో ఈ పాఠం ఇంకా సగమే అమలైంది. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలాన్ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్ గ్రూపుల్లో ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయని తెలంగాణ పోలీసులు పదేపదే హెచ్చరిస్తున్నారు. ఇన్‌స్టాల్ చేస్తే అవి ఎస్‌ఎంఎస్‌లు చదివి ఓటీపీలను దోచుకుంటాయి. 2017లో ఆండ్రాయిడ్ 8 బయటి యాప్‌లకు ఉన్న ఒకే స్విచ్‌ను తీసేసి, ఏ యాప్ ద్వారా వస్తే ఆ యాప్‌కు విడిగా అనుమతి అడగసాగింది. మంచి మార్పే. కానీ ఆ అనుమతి ఫైలుకు కాదు, తెచ్చిన యాప్‌కు. వాట్సాప్‌కు ఒకసారి ఇస్తే మనం తీసేదాకా నిలిచే ఉంటుంది. జాబు తెచ్చేవాణ్ని నమ్మితే జాబు రాసినవాణ్నీ నమ్మినట్టే అవుతోంది. రైతుకు అప్రమత్తత నేర్పాలి, కాదనలేం. అయితే డబ్బు పడిందో లేదోనన్న ఆత్రంలో ఉన్న మనిషి మీదే భారమంతా మోపడం 2000 నాటి తప్పును మళ్లీ చేయడమే.

2024 మేలో మైక్రోసాఫ్ట్ అధిపతి, హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల, భద్రతకూ మరో పనికీ పోటీ వస్తే భద్రతనే ఎంచుకోండి అని ఉద్యోగులకు రాశారు. ఇరవై రెండేళ్ల నాటి గేట్స్ లేఖ సారమూ అదే. తయారీదారులు ఆ మాట నిలబెట్టుకునేలోపు మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. పత్రాన్ని పెన్‌డ్రైవ్ మీద తిప్పే బదులు అధికారిక సైటు నుంచి మళ్లీ దించుకోండి. ఫైలు పేర్ల చివరి భాగం కనబడేలా విండోస్‌లో మార్చుకోండి. వాట్సాప్‌కు ఇచ్చిన ఇన్‌స్టాల్ అనుమతిని ఇవాళే తీసేయండి. పథకం పేరుతో ఏపీకే వస్తే ఎవరు పంపినా నొక్కకండి, అసలు యాప్ ప్లే స్టోర్‌లో దొరుకుతుంది. పొరపాటున నొక్కి డబ్బు పోతే సిగ్గుపడి ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.