తాతల నాటి చిక్కుడు గింజలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఈశాన్యం కొసన మేన్ అనే రాష్ట్రం ఉంది. అడవులు, చలి ఎక్కువగా ఉండే ప్రాంతం. అక్కడి పల్లెల్లో చిక్కుడు గింజలు వండుకొనే పద్ధతి ఒకటి చాలాకాలంగా ఉంది. పెరట్లో గొయ్యి తవ్వి, అందులో కట్టెలు పేర్చి మంట పెడతారు. కట్టెలు కాలి కణకణలాడే నిప్పులయ్యాక, నానబెట్టిన గింజలను ఇనుప కుండలో పోసి, ఉప్పు పట్టించిన మాంసపు ముక్క, బెల్లపు పాకం వంటి తియ్యని ద్రవం కలిపి, మూత బిగించి ఆ గోతిలోకి దించుతారు. పైన మట్టి కప్పేస్తారు. ఆ రాత్రంతా కుండ జోలికి ఎవరూ పోరు. మరునాడు తవ్వి తీసేసరికి గింజ చితకకుండానే వెన్నలా మెత్తబడి ఉంటుంది.

జాన్ విథీ ఆ ప్రాంతంలో పెరిగినవాడు. పెద్దవాడయ్యాక మాసచూసెట్స్ రాష్ట్రంలో స్థిరపడ్డాడు. ఆయన వ్యవసాయదారుడు కాడు. అయినా చిన్ననాటి ఆ గోతివంట మళ్లీ వండుకోవాలని ఆశపడ్డాడు. కుండ దొరికింది, కట్టెలు దొరికాయి. గింజ మాత్రం దొరకలేదు. ఆయనకు కావలసినది 'జేకబ్స్ క్యాటిల్' అనే రకం. తెల్లని గింజ మీద ముదురు ఎరుపు మచ్చలుంటాయి. బైబిలులోని యాకోబు మందలో మచ్చల పశువులుండేవి కనుక ఆ పేరు వచ్చింది. దుకాణాలలో ఎక్కడ చూసినా మామూలు గింజలు నాలుగైదు రకాలే. ఊరూరా ఒక్కో రకం పండిన దేశంలో మిగిలినవన్నీ ఏమైపోయాయని ఆయన వెదకడం మొదలుపెట్టాడు.

ఇటువంటి గింజలను అక్కడివారు వారసత్వపు గింజలంటారు. అమ్మమ్మ కాసులపేరు, తాతగారి ఇత్తడి గంగాళం చేతులు మారుతూ వచ్చినట్టే విత్తనం కూడా ఒక తరం నుంచి మరో తరానికి వచ్చిందని అర్థం. మన రైతులు వాడే 'నాటు విత్తనం' అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది. ఎన్నేళ్ల పాతదైతే ఈ పేరు చెల్లుతుందనే విషయంలో అందరిదీ ఒక మాట కాదు. కొందరు యాభై ఏళ్లు చాలునంటారు. కొందరు రెండవ ప్రపంచ యుద్ధానికి ముందునాటిదై ఉండాలంటారు. ఈ ఏడు కాసిన కాయలోని గింజను వచ్చే ఏడు నాటితే అదే తీగ, అదే కాయ, అదే రంగు గింజ రావాలన్నది మాత్రం అందరూ ఒప్పుకొంటారు.

చిక్కుడుకు ఇది పుట్టుకతో వచ్చిన గుణం. సాధారణంగా దాని పువ్వు విచ్చుకోకముందే లోపల పరాగసంపర్కం జరిగిపోతుంది. తేనెటీగ వచ్చి మరో రకం పుప్పొడి అంటించడం అరుదు. అందుచేత ఏ చదువూ లేని కుటుంబం కూడా పెరటి కంచె మీద ఒక రకాన్ని నూరేళ్లు చెక్కుచెదరకుండా నిలుపుకోగలదు. మెట్టవంకాయో గుమ్మడికాయో అయితే అది అంత సులభం కాదు.

ఇక్కడ పేర్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. మన పందిళ్ల మీద కాసే చిక్కుడూ, చలికాలంలో కోలారు, హోసూరు వైపు ఇళ్లల్లో నానబెట్టి, తొక్క పితికి, పితికిపప్పు వండుకొనే అనపా దగ్గరి చుట్టాలు. అవి ఎంతో కాలంగా ఇక్కడ పండుతున్నవి. బజారులో బీన్స్ అని అమ్మే కాయలూ, రాజ్మా గింజలూ మరో జాతి. ఆ జాతి పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతంలో ఒకసారి, దక్షిణాన ఆండీస్ కొండలలో మరొకసారి, విడివిడిగా అక్కడి ప్రజలు అడవి తీగను సాగుకు తెచ్చుకొన్నారు. 1492లో కొలంబస్ ప్రయాణం తరువాత అది ఓడలెక్కి లోకమంతా పాకింది. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో 'వాఘ్యా ఘేవడా' అనే చారల గింజ పండుతుంది. పులిచారల వంటి గీతలుండటం చేత ఆ పేరు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అదీ ఈ అమెరికా జాతి గింజే.

అమెరికాలో పాత రకాలు మరుగున పడటానికి కారణాలు వెదికితే, వాటిలో దుర్మార్గం కనబడదు. సౌకర్యమే కనబడుతుంది. తీగకు పందిరి కావాలి, కాయ ఒక్కొక్కటే ముదురుతుంది, చేతితో కోయాలి. యంత్రంతో కోసేవారికి పొట్టిగా పొదలా పెరిగి, అంతా ఒకేసారి ఎండే రకం కావాలి. డబ్బాలలో నింపి అమ్మే కర్మాగారాలకు గింజలన్నీ ఒకే సైజులో, ఒకే రంగులో ఉండాలి. కాయల ఈనెలు తీసే పని కూడా ఇల్లాళ్లకు విసుగే. న్యూయార్క్ రాష్ట్రంలోని లె రాయ్ ఊరివాడైన కాల్విన్ కీనీ 19వ శతాబ్దం చివర ఈనె లేని కాయలు కాసే రకాలను తయారుచేశాడు. వాటికి గొప్ప ఆదరణ లభించింది. ఆయనను ఎవరూ తప్పు పట్టలేరు. ఈనెలు తీసిన చేతులకే ఆ మేలు తెలుస్తుంది. అయితే ఇటువంటి మేళ్లన్నీ కలిసేసరికి దుకాణపు అరల మీద నాలుగైదు రకాలే మిగిలాయి.

విథీ ఉత్తరాలు రాశాడు, రైతులను అడిగాడు, పాత కుటుంబాలను కలిశాడు. పిడికెడు గింజలు ఒకరు, పది గింజలు ఒకరు పంపారు. నల్లవి, పసుపువి, పక్షిగుడ్డులా చుక్కలున్నవి, బొడ్డు దగ్గర నిలబడ్డ సిపాయి బొమ్మలాంటి మచ్చ ఉన్నవి, ఇలా ఎన్నో వచ్చి చేరాయి. ఆయన తన కృషికి 'వానిగన్' అని పేరు పెట్టుకొన్నాడు. నదిలో దుంగలు తేల్చుకొంటూ పోయే కూలీల వెంట సాగే వంటపడవను అక్కడ ఆ మాటతో పిలుస్తారు. చివరికి ఆయన దగ్గర 1,186 రకాలు పోగుపడ్డాయి.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. విత్తనం నాణెం కాదు, పెట్టెలో పెట్టి మరచిపోవడానికి. అది ఊపిరి పీల్చే ప్రాణి. ఇంట్లో సీసాలో దాచిన చిక్కుడు గింజ మూడు నాలుగేళ్లు బాగా మొలుస్తుంది. ఆ తరువాత ఏటేటా మొలకలు తగ్గిపోతాయి. అంటే ప్రతి రకాన్నీ కొన్నేళ్లకొకసారి నాటాలి, పెంచాలి, ఎండబెట్టాలి, కలిసిపోకుండా మళ్లీ దాచాలి. వెయ్యికి పైగా రకాలకు ఒక మనిషి పెరడు ఏం సరిపోతుంది? ఇతరులకు గింజలిచ్చి పెంచమన్నాడు. అదీ చాలలేదు. 1981లో తన సేకరణ మొత్తాన్ని 'సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్' అనే సంస్థకు అప్పగించాడు.

ఆ సంస్థ 1975లో మొదలైంది. డయాన్, కెంట్ వీలీ అనే దంపతులు దాన్ని స్థాపించారు. డయాన్ తాతగారు బవేరియా నుంచి తమ పెద్దలు తెచ్చిన టమాటా, పూలతీగ విత్తనాలను ఆమెకిచ్చారు. ఆయనతోపాటే అవి పోకూడదన్న ఆలోచన నుంచి విత్తనాలు ఇచ్చిపుచ్చుకొనే సంఘం పుట్టింది. అయోవా రాష్ట్రంలోని డెకోరా ఊరి దగ్గర వారి క్షేత్రం ఇప్పటికీ ఉంది.

ఆ సంస్థకు 1977లో వచ్చిన ఒక గింజ కథ వేరు. అది నల్లగా, నిగనిగలాడుతూ, సన్నగా ఉంటుంది. పచ్చని కాయ ముదిరేకొద్దీ ఊదారంగుకు తిరుగుతుంది. దాన్ని ఇచ్చినవాడు ఓక్లహోమా రాష్ట్రంలోని హ్యూగో పట్టణానికి చెందిన దంతవైద్యుడు జాన్ వైచ్. ఆయన పూర్వులు చెరోకీలు. చెరోకీలు జార్జియా, టెనెసీ, ఉత్తర కరోలినా కొండసీమలలో ఊళ్లు కట్టుకొని, సేద్యం చేసుకొని బతికిన జాతి. 1830లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన చట్టాన్ని పట్టుకొని 1838-39లో వారిని సైన్యంతో వెళ్లగొట్టారు. సుమారు 16 వేలమంది ఇళ్లు, పొలాలు విడిచి పడమరకు నడిచారు. చలి, ఆకలి, జబ్బులతో దాదాపు 4 వేలమంది చనిపోయారని అంచనా. ఆ దారినే 'కన్నీటి బాట' అంటారు. కట్టుబట్టలతో బయలుదేరిన ఆ కుటుంబాలలో కొన్ని ఈ నల్ల గింజలను మూటగట్టుకొన్నాయని వారి వారసులు చెప్పుకొంటారు. చేరిన చోట నేల కొత్తది, వాన కొత్తది. నాటుకోవడానికి తెలిసిన గింజ ఒక్కటైనా ఉండాలి కదా! దాని పేరు 'చెరోకీ కన్నీటి బాట చిక్కుడు'.

ఇంతవరకు ఇది విత్తనాలు దాచేవారి కథ. వండేవారు ఇందులోకి పెద్ద సంఖ్యలో వచ్చింది ఇటీవలి కాలంలోనే. కాలిఫోర్నియాలోని నాపా ప్రాంతంలో స్టీవ్ సాండో అనే ఆయన టమాటాలు పండించి సంతలో అమ్మేవాడు. ఒకసారి 'రియో సాపె' అనే మెక్సికో రకం గింజలు వండుకొని తిన్నాడు. ఊదారంగు మీద నల్లచారలుండే ఆ గింజలో కాఫీ, చాక్లెట్ వాసన పోలిక ఉందని తిన్నవారంటారు. చిక్కుడు గింజకు ఇంత రుచి ఉంటుందని ఆయన అప్పటిదాకా ఎరుగడు. 2001లో 'రాంచో గోర్డో' పేరుతో పాత రకాల వ్యాపారం ప్రారంభించాడు. మొదట్లో సంతకు వచ్చినవారు రంగురంగుల గింజలను చూసి పోయేవారు. థామస్ కెల్లర్ వంటి పేరుపడ్డ వంటవాడు కొనడంతో నలుగురి కన్నూ పడింది. 2013లో ఆ సంస్థ ఏడాదికి కొన్నిసార్లు గింజల పెట్టె ఇంటికి పంపే పద్ధతి పెట్టింది. కొన్నాళ్లకు అందులో చేరడానికి వేలమంది వరుసలో నిలిచారు. 2020లో కరోనా వ్యాధి భయంతో ఇళ్లకే పరిమితమైన రోజులలో ఎండు గింజల కొనుగోళ్లు ఒక్కసారిగా పెరిగాయి.

ఆ రుచిలో రకం గొప్పతనం కొంత, తాజాదనం గొప్పతనం కొంత. వేడిలో, తేమలో ఏళ్ల తరబడి నిలవున్న గింజ గట్టిపడుతుంది. ఎంత ఉడికించినా పలుకు పోదు. మామూలు దుకాణంలో సంచి ఎన్నేళ్ల నాటిదో తెలియదు. ఈ పాత రకాలను అమ్మేవారు చాలావరకు ఆ మధ్య పంటనే అమ్ముతారు. పాత రకం గింజ కొత్త పంటదై ఉండటంలోనే ఉంది కిటుకు. వండటానికి పెద్ద నేర్పు అక్కరలేదు. రాత్రి నానబోసి, మరునాడు ఉల్లి, వెల్లుల్లి వేసి, నీళ్లు గింజల పైకి వచ్చేలా పోసి, సన్నని సెగ మీద ఉడికించాలి. ఉడికిన నీటిని పారబోయరు, అదే చారు. ఒక్క జాగ్రత్త తప్పదు. రాజ్మా జాతి గింజలలో, ముఖ్యంగా ఎర్రవాటిలో, పచ్చిగా తింటే వాంతులు కలిగించే పదార్థం ఉంది. సన్నసెగకు దించేముందు కనీసం పది నిమిషాలు తెర్లించి మరగనిస్తేనే అది నశిస్తుంది.

మోజు పెరిగిన చోట ధర కూడా పెరిగింది. పాత రకాలు మామూలు గింజల కంటే కొన్ని రెట్లు ఖరీదు. పేదల భోజనమని పేరుపడ్డ గింజ ధనికుల వంటింటి అరల మీద అందమైన సీసాలలో మెరవడం కొంచెం వింతగానే ఉంటుంది. దీనికి మించిన తగాదా కూడా ఒకటి వచ్చింది. కొలరాడో రాష్ట్రపు విత్తన వ్యాపారి ఒకడు 1994లో మెక్సికోలో పసుపుపచ్చ గింజలు కొని తెచ్చి, వాటినుంచి ఏర్చి పెంచి, 1999లో వాటి మీద పేటెంటు హక్కు సంపాదించాడు. తమ ఊళ్లలో ఎప్పటినుంచో తింటున్న పసుపు గింజలను అమెరికాకు పంపే మెక్సికో రైతులు, వ్యాపారులు రుసుము కట్టాలన్నాడు. వారి ఎగుమతులు దెబ్బతిన్నాయి. కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం దీనిని ఎదిరించింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చిక్కుడు విత్తనాల భాండారం దానిదే. అందులో పసుపు రకాలు వందలున్నాయి. అటువంటి గింజే తమ దగ్గర ముందే ఉందని చూపింది. 2008లో పేటెంటు కార్యాలయం ఆ హక్కును తోసిపుచ్చింది. 2009లో న్యాయస్థానం కూడా దానినే ఖాయం చేసింది. పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో నష్టపోయిన రైతుకు ఆ తీర్పు ఏమిచ్చిందో చెప్పడం కష్టం.

అందుకే చెరోకీలు తమ గింజల విషయంలో రెండు దారులూ పట్టారు. 2020లో తమ పాత పంటల విత్తనాలు తొమ్మిదింటిని నార్వేలోని స్వాల్‌బార్డ్ దీవికి పంపారు. మంచుకొండ లోపల, సున్నాకు 18 డిగ్రీల దిగువన విత్తనాలను దాచే భాండారం అక్కడుంది. అలా విత్తనాలు పంపిన మొదటి అమెరికా ఆదివాసీ జాతి వారిదే. వాటిలో కన్నీటి బాట చిక్కుడు ఒకటి. ఆ భాండారంలోనిది ఆపదకు దాచుకొన్న గింజ. నాటుకొనే గింజ ఇంటి దగ్గరే ఉంది. చెరోకీలు ఓక్లహోమాలో సొంతంగా విత్తనాల నిధి నడుపుకొంటున్నారు. తమవారిలో అడిగినవారికి దాని నుంచి పొట్లాలు పంచుతారు. పొట్లంలో ఉండేవి కొద్ది గింజలే. వేసవిలో కంచెకు తీగ ఎగబాకి, కాయ ఊదారంగుకు తిరిగి, గలగలమని ఎండేదాకా ఆగితే, కుండలోకి కొన్ని, మళ్లీ ఏటికి కొన్ని.