‘తొలి మహిళ’ అయ్యారు సరే.. ఆ తర్వాత?

‘తొలి మహిళా ఫలానా’ అని హెడ్‌లైన్ కనపడగానే ఓ లైక్ కొట్టి ముందుకు స్క్రోల్ చేసేస్తాం. తర్వాత ఆవిడ కెరీర్ ఏమైందో పెద్దగా పట్టించుకోం. నాకు మాత్రం ఆ తర్వాతి కథే ఆసక్తి. శాలీ ప్రీసాండ్ గురించి చదువుతుంటే అందుకే ఆపలేకపోయా. అమెరికాలో రబ్బీ అయిన మొట్టమొదటి మహిళ ఆవిడ.

రబ్బీ అంటే యూదుల మతగురువు. బైబిల్ చదివేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. ప్రార్థనలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు జరిపించాలి. శాస్త్రం చదివి ధర్మసందేహాలు తీర్చాలి. వందల ఏళ్లుగా అది మగవాళ్ల పనే.

పెళ్లికొడుకు కోసం వచ్చిందనుకున్నారు!

శాలీ 1946లో క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. పదహారేళ్లకే రబ్బీ కావాలని ఫిక్సయ్యారు. 1964లో సిన్సినాటి వెళ్లి, యూనివర్సిటీ డిగ్రీతో పాటే హీబ్రూ యూనియన్ కాలేజీలో చదువు మొదలెట్టారు. ఏ రబ్బీనో పెళ్లి చేసుకోడానికి వచ్చిందిలే అనుకున్నారు చాలామంది. కాలేజీ అధ్యక్షుడు నెల్సన్ గ్లూక్ మాత్రం ఆమె వెనకాల నిలబడ్డారు. 1971లో ఆయన పోయారు. ఆ మాట నిలబెట్టింది తర్వాత వచ్చిన ఆల్ఫ్రెడ్ గాట్‌షాక్.

1972 జూన్ 3న ప్లమ్ స్ట్రీట్ టెంపుల్‌లో పట్టాల కార్యక్రమం. శాలీ పేరు పిలవగానే తోటి విద్యార్థులు 35 మంది, అందరూ మగవాళ్లే, లేచి నిలబడ్డారు. అంతకుముందు 1935లో జర్మనీలో రెజీనా జోనస్ రబ్బీ అయ్యారు. నాజీలు ఆమెను ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆమె కథ దశాబ్దాల పాటు మరుగున పడిపోయింది.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ప్రొడక్షన్‌లోకి వెళ్లాకే అసలు బగ్స్ బయటపడతాయి. ఇక్కడా అంతే. కొన్ని సినగాగులు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు, శాలీని ఇంటర్వ్యూకే పిలవలేదు. క్లాసులో అందరికన్నా ఆఖర్న ఉద్యోగం వచ్చింది ఆమెకే. న్యూయార్క్‌లోని స్టీఫెన్ వైజ్ ఫ్రీ సినగాగులో అసిస్టెంట్ పోస్టు.

పేరు బాగానే వచ్చింది. 1973లో అమెరికా ప్రతినిధుల సభలో ప్రార్థన చేశారు. యూదు స్త్రీల స్థానం గురించి 1975లో పుస్తకం వేశారు. కానీ అక్కడ సీనియర్ రబ్బీ ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు, ఆ కుర్చీ తనకు దక్కదని తేలిపోయింది. ఏడేళ్లు చేసిన చోటు వదిలి 1979లో బయటికొచ్చేశారు. తర్వాత రెండేళ్లు ఫుల్‌టైమ్ పోస్టు దొరకలేదు. ఓ చిన్న సినగాగులో పార్ట్‌టైమ్, ఓ ఆసుపత్రిలో రోగులకు ధైర్యం చెప్పే పని. దేశమంతా పేరు తెలిసిన మనిషి పరిస్థితి ఇదీ!

నాకు బాగా తగిలింది ఇక్కడే. జూనియర్‌గా చేర్చుకోడానికి పెద్దగా అడ్డు చెప్పనివాళ్లే, పెద్ద కుర్చీ దగ్గరికొచ్చేసరికి తటపటాయిస్తారు. ఐటీలో పనిచేసే అమ్మాయిలకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

చిన్న ఊళ్లో పాతికేళ్లు

1981లో న్యూజెర్సీలోని మన్మత్ రిఫార్మ్ టెంపుల్ ఆమెను తమ రబ్బీగా పిలిచింది. చిన్నదే. ఒకప్పుడు పెద్ద సినగాగు నడపాలని కలగన్న శాలీ, సక్సెస్ అంటే సైజు కాదని అక్కడే తెలుసుకున్నానని చెప్పేవారు. అన్నీ తానే చేయకుండా, జనం తమ ధర్మాన్ని తామే నేర్చుకుని పాటించేలా చూడటమే తన పని అనుకున్నారు. 2006లో రిటైరయ్యేదాకా, పాతికేళ్లు అక్కడే ఉన్నారు.

ఈలోగా దారి వెడల్పయింది. 1974లో శాండీ సాసో, 1985లో ఏమీ ఐల్‌బర్గ్ యూదుల్లోనే వేరే శాఖల్లో తొలి మహిళా రబ్బీలయ్యారు. ఛాందస శాఖల్లో ఎక్కువమంది ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు.

ఈసారి ‘తొలి మహిళ’ వార్త కనిపిస్తే ఓ పని చేయండి. ఏడేళ్లాగి ఆ పేరు మళ్లీ సెర్చ్ చేయండి. ఆవిడకి ప్రమోషన్ వచ్చిందా, ఆ పోస్టులోకి రెండో మహిళ వచ్చిందా చూడండి.