బడి కబురు ఇంటికెలా చేరాలి?



సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి "ఇవాళ బడిలో ఏం జరిగిందిరా?" అని అడిగి చూడండి. రెండో తరగతి పిల్లవాడైతే సంచీ దించకముందే మొదలుపెడతాడు. ఎవరు పడ్డారు, ఎవరి పలక పగిలింది, ఎవరి సద్దిలో ఏముంది, అన్నీ చెబుతాడు. అదే పిల్లవాడు ఏడో తరగతికి వచ్చేసరికి "ఏం లేదు" అంటాడు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలున్న ఇళ్లలో దాదాపు ప్రతి సాయంత్రం వినిపించే మాట ఇది. పదకొండేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు పిల్లల శరీరం మారుతుంది, గొంతు మారుతుంది, నలుగురూ ఏమనుకుంటారోనన్న బిడియం పెరుగుతుంది. చెప్పుకోవలసిన సంగతులు ఎక్కువయ్యే ఈ వయసులోనే చెప్పడం తగ్గిపోతుంది. అందుకే ఈ తరగతుల పిల్లల విషయంలో బడికీ ఇంటికీ మధ్య కబురు ఎలా నడవాలో ఈ రోజు ముచ్చటించుకుందాం.

మన సిరొంచ తాలూకా సంగతి మీకు తెలిసిందే. ఒక పక్క ప్రాణహిత, ఒక పక్క గోదావరి, ఇంకో పక్క ఇంద్రావతి. ఈ ప్రాంతం 1956 దాకా మధ్యప్రదేశ్‌లోనూ, ఆ తర్వాత బొంబాయి రాష్ట్రంలోనూ ఉండి, 1960 మే 1 నుంచి మహారాష్ట్రలో ఉంది. 1982లో చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. రాష్ట్రం మారింది, జిల్లా మారింది గాని పొయ్యి దగ్గర మాట్లాడే భాష మారలేదు. ఎక్కువ ఇళ్లలో తెలుగు, అడవి పల్లెల్లో మాడియా, గోండి. బడిలో మాత్రం పుస్తకం మరాఠీ, నోటీసు మరాఠీ, ప్రగతి పుస్తకం మరాఠీ.

పైగా రెండు భాషల్లో ఒకేలా వినిపించే మాటలు కొన్ని మనల్ని తికమక పెడతాయి. ఒక తండ్రి ఒకసారి నా దగ్గరికి సంతోషంగా వచ్చి, "మావానికి రాగం వస్తదని బడిల చెప్పిన్రంట సారూ, పాటల పోటీకి పంపుదామా?" అన్నాడు. అసలు సంగతేమిటంటే, వాళ్ల సార్ మరాఠీలో "వాడికి తొందరగా రాగ్ వస్తుంది" అన్నారు. మరాఠీలో రాగ్ అంటే కోపం. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ పిల్లవాడికి అంత కోపం ఎందుకొస్తోందో మాట్లాడవలసిన రోజు అలా నవ్వులోనే గడిచిపోయింది.

ఇలాంటప్పుడు మనకు దుబాసీ ఎవరు? పిల్లవాడే. నోటీసు చదివి చెప్పేది వాడు, సార్ మాటను అమ్మకు తెలుగులో చెప్పేది వాడు, అమ్మ మాటను సార్‌కు మరాఠీలో చెప్పేది వాడు. తన మీద వచ్చిన ఫిర్యాదును తానే తర్జుమా చేయవలసిన పరిస్థితి. పెద్దవాళ్లమైన మనమే ఆ స్థానంలో ఉంటే ఉన్నదున్నట్టు చెబుతామా?

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట సంక్రాంతి దాటాక పాలక్ సభ, అంటే తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మరాఠీ తప్ప తెలుగు రాని మా తోటి ఉపాధ్యాయుడు ఒక తల్లితో, "మీ అబ్బాయి ఈ నెలలో తొమ్మిది రోజులు రాలేదు. వచ్చినా వెనక కూర్చుంటాడు, ఎవరితోనూ మాట్లాడడు" అన్నారు. పక్కనే ఉన్న ఆ ఏడో తరగతి పిల్లవాడు తల్లి వైపు తిరిగి, "మంచిగ చదువుతున్నవ్, అల్లరి చెయ్యవ్ అంటున్నడు" అన్నాడు. ఆ తల్లి చేతులు జోడించి వెళ్లిపోయింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న నాకు రెండు మాటలూ వినిపించాయి. వాడి తెలివికి లోలోపల నవ్వుకున్నాను. నలుగురిలో వాణ్ణి బయటపెట్టడం ఎందుకు, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత అన్నది రెండు వారాలైంది.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి పిల్లవాడు లేడు. మేనమామతో కలిసి గోదావరి అవతలికి మిర్చి ఏరడానికి వెళ్లాడు. "బడిల మెచ్చుకున్నరు గద సారూ, నెల దినాలు పోయొస్తే ఏమైతదని పంపిన" అంది తల్లి. వాడి స్నేహితులను అడిగితే అసలు కారణం తెలిసింది. మరాఠీలో ప్రతి వస్తువుకూ ఒక లింగం ఉంటుంది. మాఝా, మాఝీ, మాఝ అని మూడు తీర్లు. మన తెలుగు పిల్లవాడికి బల్లకూ గోడకూ లింగం ఏమిటో అంతుపట్టదు. వీడు పాఠం చెప్పేటప్పుడు ఒకటికి ఒకటి అంటుంటే తరగతి నవ్వేది. అందుకని మరాఠీ పాఠం ఉన్న పూట నది ఒడ్డుకు పోయేవాడు. ఈ సంగతి ఆ తల్లికి తెలిసుంటే బడికి వచ్చి అడిగేది. ఆ సార్‌కు తెలిసుంటే ఆ నవ్వును ఆపేవారు. రెండు వైపులా తెలిసిన నేను మాట్లాడలేదు. పిల్లవాడు మళ్లీ జూన్‌లో బడికొచ్చాడు గాని, మూడు నెలల పాఠాలు పోయాయి. అప్పటి నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. పిల్లవాడి గురించిన కబురు పిల్లవాడి నోట పంపను.

మరి ఎలా పంపాలి? నోటీసును రెండు భాషల్లో రాస్తే సగం పని అవుతుంది. సగమే అని ఎందుకంటున్నానంటే, తెలుగు మాట్లాడే మన ఇళ్లలో తెలుగు లిపి చదవగలిగినవారు తక్కువ. మరాఠీ బడిలో చదివినవారికి ఆ లిపే వచ్చు, అసలు బడికి వెళ్లని వారికి ఏదీ రాదు. కనుక నోటి మాటే నమ్మకమైనది. ఇప్పుడు ఫోన్లు వచ్చాయి గనుక ఉపాధ్యాయుడు రాసి పంపే బదులు, తెలుగులో నాలుగు మాటలు మాట్లాడి పంపవచ్చు. ఫోను లేని ఇంటికి పక్కింటివారి ద్వారానో, అంగడి రోజునో చెప్పాలి. సమావేశాన్ని నాట్ల రోజుల్లో, మిర్చి రోజుల్లో మధ్యాహ్నం పెట్టి "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అనడం న్యాయం కాదు. సమావేశంలో భాష అడ్డమైతే ఇంకో పెద్దమనిషిని దుబాసీగా కూర్చోబెట్టాలి. ఇంకొక మాట. బడి నుంచి కబురంటే ఫిర్యాదే అన్న భయం ఇళ్లలో ఉంది. "మీ అమ్మాయి ఇవాళ లెక్క బోర్డు మీద చేసి చూపించింది" అని కూడా కబురు పంపితే, రేపు కష్టమైన మాట చెప్పినప్పుడు ఆ ఇల్లు వింటుంది.

ఇంటికి తప్పక తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది హాజరు. పిల్లవాడు వరుసగా రెండు మూడు రోజులు రాకపోతే అదే రోజు సాయంత్రం ఇంట్లో తెలియాలి. రెండోది సెలవులు. నది అవతల తెలంగాణలో బతుకమ్మ, దసరాలకు ఎక్కువ సెలవులిస్తారు. మనకు దీపావళికి ఎక్కువ. అక్కడి చుట్టాల పిల్లలకు సెలవులని మన పిల్లలు కూడా వెళ్లి ఉండిపోతారు, ఇక్కడ పాఠాలు నడుస్తుంటాయి. అందుకే సెలవుల పట్టిక ప్రతి ఇంటి గోడ మీద ఉండాలి.

మూడోది ఆరోగ్యం. ఆరో తరగతి నుంచి పిల్లలకు వారానికి ఒక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. అది రక్తహీనత రాకుండా ఇచ్చే మందు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది గనుక అన్నం తిన్న తర్వాత వేసుకోవాలి. మర్నాడు మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు. ఈ మాట ముందుగా చెప్పకపోవడం వల్లే కొన్ని ఇళ్లలో "ఆ గోలి పారెయ్" అంటారు. పిల్లలు దారిలో పారేస్తారు.

ఇక్కడే ఇంటి నుంచి బడికి వెళ్లవలసిన కబురు ఒకటుంది. మన జిల్లాలో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. ఈ జబ్బు నివారణకు 2023 జూలై 1న ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి రక్తపరీక్షలు చేయిస్తున్నారు. ఈ జబ్బున్న పిల్లవాడికి నీళ్లు తాగడం తగ్గినా, చలి తగిలినా, ఎండలో అలసిపోయినా ఒళ్లంతా భరించలేని నొప్పులు రావచ్చు. ఆ సంగతి ఉపాధ్యాయుడికి తెలియకపోతే "పరుగెత్తమంటే వంకలు పెడుతున్నాడు" అనుకుంటాడు. తెలిస్తే తరగతిలో నీళ్ల సీసా పెట్టుకోనిస్తాడు, అడిగినప్పుడల్లా బయటికి వెళ్లనిస్తాడు. ఐరన్ మాత్ర కూడా అలాంటి పిల్లలకు డాక్టరు చెబితేనే ఇవ్వాలి. కాబట్టి సిగ్గుపడకుండా బడిలో చెప్పండి. నలుగురి ముందు వద్దనుకుంటే ఒక్క ఉపాధ్యాయుడికే చెప్పండి. ఇంట్లో చావు జరిగినా, తండ్రి పనికి దూరం వెళ్లినా, పిల్ల పెద్దమనిషి అయినా, ఆ కబురు తెలిసిన ఉపాధ్యాయుడు ఆ పిల్లను వేరే కంటితో చూస్తాడు.

నాలుగోది మనసు. పిల్ల తిండి తగ్గించిందా? ఆటకు పోవడం మానిందా? బడి వేళకే కడుపునొప్పి అంటోందా? ఒకనాడు అయితే పట్టించుకోనక్కరలేదు. రెండు వారాలు వరుసగా అలాగే ఉంటే కనుక్కోవాలి. "ఎన్ని మార్కులొచ్చాయి?" అని కాకుండా "ఎవరి పక్కన కూర్చున్నావ్? ఎవరితో అన్నం తిన్నావ్?" అని అడగండి. ఆ జవాబులో చాలా సంగతులు బయటపడతాయి. బడిలో కొట్టడం, మనసు నొచ్చుకునేలా వేధించడం 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం. పిల్లలకు ఆపద వస్తే 1098కి, మనసు బాగా కుంగితే 14416కి ఫోన్ చేయవచ్చు. రెండింటికీ డబ్బు పడదు.

అదే చట్టంలో సరిహద్దు కుటుంబాలకు పనికొచ్చే మాట మరొకటి ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు ఏ కారణం చేతనైనా ఒక ప్రభుత్వ బడి నుంచి మరో ప్రభుత్వ బడికి, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికైనా సరే, మారవచ్చు. పాత బడి వెంటనే దాఖలా ఇవ్వాలి. దాఖలా ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపరాదు. కాబట్టి పనికి పోయేటప్పుడు పిల్లలను తీసుకెళ్లక తప్పకపోతే, వెళ్లే ముందే బడిలో చెప్పండి. చెప్పకుండా వెళితే ఆ పిల్లవాడు ఇక్కడ గైర్హాజరు, అక్కడ లెక్కలోనే లేడు.

చివరిగా, మీ ఊరి బడిలో శాళా వ్యవస్థాపన సమితి ఉంటుంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లే ఉండాలి. వచ్చే సమావేశంలో మీరు ఒక్క ప్రశ్న అడగండి. "మా బడి కబురు మాకు తెలుగులో ఎవరు చెబుతారు?" ఒక ఉపాధ్యాయుడి పేరో, ఒక తల్లి పేరో ఆ రోజే రాయించండి. ఆ పని పిల్లల భుజాల మీద నుంచి దిగాలి. వాళ్లకు మోయడానికి పుస్తకాల సంచీ ఒకటి ఎలాగూ ఉంది.