క్షయక్రిమి మైనపు కవచము

ఒమాను దేశమున ఉత్తర బాతినా తీరమందు, సోహారుకును ఖాబూరాకును నడుమ సముద్రము నానుకొనియున్న సహం పట్టణమునకు కూలికో, డ్రైవరుగనో పోదలచిన కడప, కోనసీమ, జగిత్యాల ప్రాంతముల యువకుడు ప్రయాణమునకు ముందు దాటవలసిన గడప ‘మెడికల్’ అను వైద్యపరీక్ష. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులపై క్షయ జాడ కనబడెనా, చేసిన అప్పు నెత్తిననుండగనే ప్రయాణము నిలిచిపోవును. ఇంతటి భయమునకు మూలమైన ఆ సూక్ష్మజీవి మొండితనములో పెద్దపాలు దాని పైతొడుగునకే చెందును.

1882 మార్చి 24న బెర్లినులో రాబర్టు కోఖ్ ఈ క్రిమిని లోకమునకు ప్రకటించిన ఏడాదిలోనే, పాల్ ఎర్లిఖ్ దాని విచిత్రగుణ మొకటి కనిపెట్టెను: ఒకసారి పట్టిన రంగును అది ఆమ్లముతో కడిగినను విడువదు. నేటికిని కఫపరీక్షలో తక్కిన క్రిములు ఆమ్లము తగిలి వెలవెలబోగా, ఇది మాత్రము ఎఱ్ఱగనే నిలిచి పట్టుబడుచున్నది.

యేల్ విశ్వవిద్యాలయమున ఆర్. జె. ఆండర్సన్ బృందము ఏండ్లతరబడి ఈ క్రిమి క్రొవ్వులను వేరుపరచి, 1938లో ఒకదానికి మైకాలిక్ ఆమ్లమని పేరిడినది. మన వంటనూనెలలోని ఆమ్లములకు సాధారణముగా 16 లేక 18 కర్బన పరమాణువులుండగా, దీనికి 60 మొదలు 90 వరకు నుండును. దీని అణువునందలి రెండు శాఖలలో నొకటి పొట్టిది, రెండవది మిక్కిలి పొడుగు. పొడుగుదానియందు మూడేసి కర్బనములు ముక్కోణముగా ముడివడిన చిన్న వలయములు. తడిసిన గొడుగుగుడ్డపై నీటిబొట్టు జారినట్లు, దట్టముగా నొదిగిన ఈ శృంఖలములపై నీటిలో కరగు మందులనేకము జారిపోవును.

అయితే ఈ మైనమునకు ఆధారము చక్కెర! కణకుడ్యపు లోపొరనుండి సుమారు 30 గెలాక్టోజు అణువుల గొలుసు బయలుదేరును; దానినుండి అరాబినోజు కొమ్మలు చీలును; కొమ్మల కొనలనే మైకాలిక్ ఆమ్లములు అంటియుండును. మన దేహమందలి గెలాక్టోజు వలయమునకు ఆరు కోణములుండగా, ఇచ్చటిదానికి ఐదే. ఇట్టి గెలాక్టోజును మానవకణము నిర్మింపదు గనుక, మందుల నన్వేషించువారికి ఇంతకన్న అనువైన లక్ష్యము అరుదు. ట్రెహలోజను మరియొక చక్కెరకు రెండు మైకాలిక్ ఆమ్లములు చేరిన పదార్థము వేరొకటి కలదు. క్రిములు త్రాళ్ళవలె పెనవేసికొని పెరుగుటతో ముడివడిన ఆ విషద్రవ్యపు నిర్మాణమును 1956లో బ్లాఖ్, లెడెరర్ ప్రభృతులు తేల్చిరి.

ఈ పరిశోధన మనకు దూరపుదేమియు కాదు. హైదరాబాదు సీసీఎంబీ పరిశోధనసంస్థలో రాజన్ శంకరనారాయణన్, ఢిల్లీలోని జాతీయ రోగనిరోధకశాస్త్ర సంస్థయందలి రాజేశ్ గోఖలేతో కూడి, ఈ క్రిమి క్రొవ్వులను నేయు ఎంజైముల ఆకృతులను చిత్రించిరి. ఇక ఈ కవచముపై గురిపెట్టిన మందులలో, 1952లో వచ్చిన ఐసోనియజిడ్ మైకాలిక్ ఆమ్లపు తయారీని అరికట్టును. 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలనుండి వెలువడిన ఇథాంబుటాల్ అరాబినోజు కొమ్మలను పెరుగనీయదు. 1948లో మరణించువరకు మన జీవరసాయన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించినది ఆ లెడర్లీలోనే.

ఇథాంబుటాల్ కొందఱి కంటినాడిని బాధించును. వాడువారికి ఎఱుపు, ఆకుపచ్చ రంగుల భేదము తెలియకున్నను, చూపు మందగించినను, ఆలసింపక వైద్యునకు చెప్పవలెను.